యంత్రమునకు శుద్ధప్రతి

పెన్‌గంగ తీరమున కిన్వట్ పట్టణము నానుకొనియున్న గోకుంద నేడు మహారాష్ట్రమున నాందేడు జిల్లాలో నున్నది గాని, 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజనము జరుగువఱకు కిన్వట్ తాలూకా హైదరాబాదు రాష్ట్రమునందలి ఆదిలాబాదు జిల్లాలోని భాగము. గీత మాఱినను నోళ్లు మాఱలేదు. మరాఠీ, తెలుగు, గోండి, లంబాడీ, దక్కనీ ఉర్దూ ఇక్కడి అంగడిలో ఒకదాని ప్రక్క నొకటి వినబడుచుండును; సరిహద్దున కావలి యూరివారితో వియ్యమందిన గృహస్థు పెండ్లిపత్రిక వేయింప వచ్చి, ఒక పుటయందు మరాఠీ లగ్నపత్రికయు ఎదుటి పుటయందు తెలుగు శుభలేఖయు గావలెనని కోరినచో ఎవ్వరును ఆశ్చర్యపడరు. ఇట్టి పత్రికలు కూర్చు డీటీపీ దుకాణమునందలి కంప్యూటరు సామాన్యమైన కంప్యూటరు గాదు. తెలుగునకు 'అను' పేరి ఫాంట్లు, మరాఠీకి శ్రీలిపి, రెండింటిని పుటయందు పేర్చుటకు 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7, వీనికి తోడు కీబోర్డు అమరికలు, ప్రింటరు డ్రైవర్లు, పత్రిక కొలతకు దిద్దుకొన్న అంచుల లెక్కలు, ఇవన్నియు అందులో ఒకదానిమీద నొకటి యెక్కి కూర్చుండి, ఏది కదలినను తక్కినవానిని కదల్చుచుండును.

అట్టి దుకాణము నడుపు మామకును, హైదరాబాదులో నొక సంస్థయందు కంప్యూటర్ల బాగోగులు చూచు మేనల్లునికిని జరిగిన వాదము నిచ్చట పొందుపఱచుచున్నాను. పేర్లతో ప్రయోజనము లేదు గనుక వారిని మామ, అల్లుడు అనియే వ్యవహరించెదను. చెడిన కంప్యూటరును మరల నిర్మలముగా నిలుపుటకు, యజమాని ముందుగానే తీసి దాచుకొన్న సొంత రికవరీ ఇమేజి యుక్తమా, లేక ప్రతి పర్యాయమును ఖాళీ విండోస్ నెక్కించి పునాదినుండి కట్టుకొనుట యుక్తమా యనునది వివాదాంశము.

అల్లుడు: కృష్ణా ఎక్స్‌ప్రెస్సు దిగి ఇల్లు చేరునప్పటికే మీ దుకాణపు యంత్రము మరల నడుచుచున్నదని అత్త చెప్పినది, మామా. సంతోషమే. అయితే దానిని లేపిన తీరు నాకు సమ్మతము గాదు. అప్‌డేటు ఎక్కుచుండగా కరెంటు పోయి విండోస్ చెడినప్పుడు చేయదగిన పని యేమనగా, డిస్కును తుడిచి, మైక్రోసాఫ్టువారి యొద్దనుండి తెచ్చుకొన్న క్రొత్త విండోస్ నెక్కించి, కావలసిన సాఫ్టువేరును దానిపై వరుసగా పెట్టుకొనుట. మీరు చేసినదో, ఎప్పటిదో యొకనాటి యంత్రస్థితిని మొత్తముగా మూటగట్టి దాచి, ఇప్పుడా మూటను విప్పి పఱచుట. అందులో మంచితోపాటు మఱేమి దాగియున్నదో మీకెట్లు తెలియును?

మామ: తెలియును గనుకనే విప్పితిని. నీవు చెప్పు క్రొత్త విండోస్ చూడ ముచ్చటగా నుండును గాని దానియందు ఒక్క శుభలేఖ గూడ కూర్చజాలను. ఇక అమ్మినవాడిచ్చిన రికవరీ పార్టిషనుతో త్రిప్పినచో ఏమి వచ్చునో నీవెఱుగుదువు: నెల గడువు గల యాంటీవైరసు, ఎవ్వరును తెఱవని ఆటలు, కంపెనీవారి ప్రకటనలు. అది కర్మాగారమునకు శుద్ధస్థితి. నా పని ఏ స్థితిలో నిర్విఘ్నముగా సాగునో అది నాకు శుద్ధస్థితి. దానిని నేనే కట్టితిని, నేనే పరీక్షించితిని, ప్రతి తీసి దాచితిని.

అల్లుడు: కర్మాగారపు చెత్తను నేనును వెనుకవేసికొని రాను. నేను చెప్పునది మైక్రోసాఫ్టువారి ఖాళీ విండోస్ మాట. మీ మార్గమును వారును ఒకప్పుడు త్రొక్కి చూచి విడిచిరి. 2012లో విండోస్ 8తోపాటు రెక్‌ఐఎంజి యను నొక చిన్న ఆజ్ఞను ఇచ్చిరి; నల్లని కమాండు తెరపై దానిని నడిపినచో, విండోస్ మూలఫైళ్లను, మీరు పెట్టుకొన్న డెస్క్‌టాపు సాఫ్టువేరును కలిపి ఒకే ఇమేజిగా తీసియుంచి, యంత్రము చెడినప్పుడు రిఫ్రెష్ అనగానే ఆ స్థితికి మరల్చెడిది. సొంత పత్రములను, సెట్టింగులను, స్టోరునుండి వచ్చిన యాపులను అందులో చేర్చకుండెడిది. 2015లో విండోస్ 10 వచ్చునప్పటికి ఆ ఆజ్ఞనే తొలగించిరి. ఎందుకనగా ప్రత్యేకముగా నొక ఇమేజిని డిస్కులో మోయవలసిన పనిలేకుండ, యంత్రములో నున్న మూలఫైళ్ల భాండారమునుండియే విండోస్ తన్ను తాను పునర్నిర్మించుకొనునట్లు చేసిరి. దానివలన 4 నుండి 12 గిగాబైట్ల చోటు మిగులునని వారే చెప్పిరి. చోటు మాట యటుండనిండు. ఇమేజినుండి లేచిన యంత్రము ఇమేజి తీసిన నాటి వయస్సుతో లేచును, నాటినుండి నేటివఱకు వచ్చిన అప్‌డేటులన్నియు మరల తెచ్చుకొనవలెను. భాండారమునుండి లేచినదానికి ఆ బాధ చాలవఱకు లేదు.

మామ: అది వారికి తగిన యుక్తి, కాదనను. కాని రీసెట్ అను వారి యా పునర్నిర్మాణము నా ఫైళ్లను ఉంచెదనని చెప్పి, నా సాఫ్టువేరునంతయు తీసివేసి, తీసివేసినవాని పేర్లు ఒక జాబితాగా డెస్క్‌టాపుపై పెట్టిపోవును. మృతుల పట్టిక చేతికిచ్చినట్లుండును గాని నాకు దానివలన నేమి లాభము? పైగా ఆ భాండారమే చెడినప్పుడు పునర్నిర్మాణము దేనినుండి? ఆ చిక్కు నెఱిగియే గదా 2020లో క్లౌడునుండి దింపుకొను మార్గమును గూడ చేర్చిరి. అది నాలుగు గిగాబైట్ల బరువు. వైశాఖమాసమున ముహూర్తములు వరుసగా నున్నప్పుడు, పగటి కరెంటు ఎప్పుడు పోవునో తెలియని యీ యూరిలో, మొబైలు హాట్‌స్పాటు పట్టుకొని నాలుగు గిగాబైట్లు దింపుచు కూర్చుండవలెనా? దింపిన తర్వాతనైనను వచ్చునది ఖాళీ విండోసే. పేజ్‌మేకరు సీడీ గీతలు పడినది. ఒక ప్రింటరు డ్రైవరును తయారుచేసినవారే తమ చోటునుండి తీసివేసిరి. మఱియు ఏది ముందు, ఏది వెనుక పెట్టవలెనను క్రమము ఏ పుస్తకమునందును లేదు; కీబోర్డు సాఫ్టువేరు ముందెక్కినచో ఒకటి పనిచేయదు, ఫాంట్లు ముందెక్కినచో మఱియొకటి పనిచేయదు. ఆ క్రమమును ఏండ్ల తరబడి కనుగొంటిని. నేను దాచుకొన్నది ఆ క్రమము.

అల్లుడు: క్రమమును కాగితముపై వ్రాసియుంచవచ్చును. మా సంస్థలో అట్లే చేయుదుము. ఏ సాఫ్టువేరు ఏ క్రమమున ఎక్కవలెనో స్క్రిప్టుగా వ్రాసి, ఖాళీ యంత్రముపై నడుపుదుము. దానివలన యంత్రమునందు ఏమున్నదో ప్రతి పంక్తియు చదువవచ్చును. ఇమేజిని చదువలేము, నమ్మవలసినదే.

మామ: మీ సంస్థలో సాఫ్టువేరంతయు మాటలాడకుండ ఎక్కు జాతి. నాది ప్రతి మెట్టునను నిలిచి, డాంగిలు గ్రుచ్చుమని, సీరియలు సంఖ్య వ్రాయుమని, సీడీ మార్చుమని అడుగును. దానికి స్క్రిప్టు వ్రాయు శ్రమకంటె పత్రికలు చేత్తో వ్రాయుట సులభము.

ఇచ్చట నేను కొంచెము కలుగజేసికొనవలసియున్నది. మన యూళ్లలో ఇమేజి యన్నమాట చెడ్డపేరు తెచ్చుకొనుటకు కారణము మామవంటివారు గారు. 1990ల నడుమ న్యూజీలాండులో పుట్టి 1998లో సిమాంటెక్ వారి చేతికి వచ్చిన గోస్ట్ అను సాఫ్టువేరు దేశమంతట మరమ్మతుల దుకాణములలో వ్యాపించినది. అప్పటినుండి "ఫార్మాటు కొట్టించుట" యనగా చాలచోట్ల అర్థమేమనగా, మరమ్మతువాడు తన యొద్దనున్న ఒకే ఇమేజిని, లైసెన్సు లేని విండోస్‌తోను లైసెన్సు లేని సాఫ్టువేరుతోను నిండినదానిని, వచ్చిన ప్రతివాని డిస్కుపైనను పోయుట. దానిని ఎవడు తీసెనో, ఎప్పుడు తీసెనో, అందులో నేమి కూర్చుండెనో పోసినవానికే తెలియదు. అల్లుని అనుమానమునకు మూల మదియే. మామ చేసిన పనికిని దీనికిని పేరొకటియే గాని జాతి వేఱు. అయినను ఆ భేదమును ఆయన నిరూపింపవలసియే యుండెను, నిరూపించెను గూడ.

మామ: నేను తీసిన విధము వినుము. డిస్కును పూర్తిగా తుడిచి, నెట్టు త్రాడు ఊడదీసి, మైక్రోసాఫ్టువారి మీడియా క్రియేషన్ టూలుతో ఎనిమిది గిగాబైట్ల పెన్‌డ్రైవుపై చేసికొన్న విండోస్ 10ను ఎక్కించితిని. డిస్కును రెండు భాగములు చేసి, సీలో విండోస్‌ను సాఫ్టువేరును, డీలో పనిఫైళ్లను ఉంచితిని. కావున ఇమేజిలో నా పత్రిక ఒక్కటియు లేదు, పత్రికల నకళ్లు వేఱుగా తీయుదును. డ్రైవర్లు, అప్‌డేటులు, ఫాంట్లు, పేజ్‌మేకరు, శ్రీలిపి, తర్వాత ప్రింటర్లు. ప్రతి మెట్టునను రెండు లిపులలో నొక పరీక్షపుట తీసి, ఒత్తులు సరిగా పడినవా, జోడాక్షరములు విడిపోవుచున్నవా యని చూచితిని. పిదప తాత్కాలిక ఫైళ్లను తుడిచి, వైరసు తనిఖీ చేసి, యంత్రము నార్పితిని. నడుచుచున్న విండోస్ తన ఫైళ్లను తానే పట్టుకొనియుండును గనుక డిస్మ్ ఆజ్ఞతో దానికి లోపలనుండి నిర్మలమైన ప్రతి తీయుట కుదరదు. అందుచేత విండోస్ పీఈ యను చిన్న విండోస్ ఉన్న పెన్‌డ్రైవునుండి యంత్రమును లేపి, డిస్మ్ ఆజ్ఞతో సీ భాగమునంతయు బయటి హార్డుడిస్కుపై ఒకే విమ్ ఫైలుగా పట్టితిని. ఆ బయటి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో నుండవలెను సుమా, ఫ్యాట్32 అయినచో నాలుగు గిగాబైట్లు దాటిన ఫైలును అది మ్రింగజాలదు.

అల్లుడు: విమ్ ఎందుకు? తైవానువారి క్లోన్‌జిల్లా ఉచితము గదా, డిస్కు డిస్కునే ప్రతి తీయును.

మామ: అది డిస్కులో ఏ గడియందు ఏమున్నదో అట్లే ఎత్తును, తిరిగి పెట్టుటకు అంతే డిస్కు, లేక అంతకు పెద్దది కావలెను. విమ్ గడులను గాక ఫైళ్లను ఎత్తును. విస్టా కాలమునుండి, అనగా 2007నుండి విండోస్ ఎక్కించు డీవీడీలలో నున్నది ఈ విమ్ పద్ధతియే. ఒకే ఫైలు పది చోట్ల నున్నను దాని సారమును ఒక్కసారియే దాచును. ఒకే విమ్‌లో పాత స్థితి నొకటిగా, క్రొత్త స్థితి నొకటిగా రెండు మూడు ఇమేజిలను చేర్చినను, మాఱని ఫైళ్లకు మరల చోటు పట్టదు. చిన్న ఎస్‌ఎస్‌డీపైనను విప్పవచ్చును; విప్పిన పిదప బీసీడీబూట్ ఆజ్ఞతో యంత్రము లేచుటకు కావలసిన ఫైళ్లను వ్రాసినచో పని తీఱును. ఫైలు తీసిననాడే దాని షా256 ముద్రను లెక్కించి పుస్తకములో వ్రాసియుంచితిని. విప్పుటకు ముందు మరల లెక్కించి పోల్చితిని. ఒక్క బిట్టు మాఱలేదు.

అల్లుడు: అయితే మీ నమ్మకమంతయు ఒక మాతృకపై నిలిచియున్నది.

మామ: మాతృకపై నిలుచుట తప్పా? తాళపత్రములనుండి తాళపత్రములకు ఎక్కించిన లేఖకులు ఒక్కొక్కరు ఒక్కొక్క తప్పు చేర్చుచు పోయినందుననే గదా, కడపలో తన ఖర్చుతో పండితులను పెట్టుకొని బ్రౌను దొర శుద్ధప్రతులు వ్రాయింపవలసివచ్చినది. శుద్ధప్రతి యుండినచో తర్వాతి నకళ్లకు ఆధార ముండును. నాది అట్టిదే.

అల్లుడు: బ్రౌను మాట మీరు తెచ్చితిరి గనుక దానినే పట్టుకొందును. 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన బ్రౌను ఒక్క ప్రతిని నమ్మలేదు. దొరికిన ప్రతులన్నియు తెప్పించి, ఒకదానితో నొకటి పోల్పించి, పాఠాంతరములు చూపించి, ఆపైన శుద్ధప్రతి వ్రాయించెను. మీరో, ఒక్క ప్రతిని తీసి, అది తీసిన తర్వాత మాఱలేదని షా256తో ఋజువు చేయుచున్నారు. మాఱకపోవుట వేఱు, మంచిదగుట వేఱు. తీయునాటికే అందులో దోషమున్నచో ఆ ముద్ర దోషము చెక్కుచెదరలేదని మాత్రమే సాక్ష్యమిచ్చును.

మామ ఇచ్చట కొంతసేపు మాటలాడలేదని చెప్పుట న్యాయము. నా మట్టుకు ఈ వాదమునందు అల్లుడు పలికిన మాటలలో ఇది యన్నిటికంటె బలమైనది. ఇమేజి తీసి సంతోషించు వారిలో చాలమంది ఎఱుగనిది గూడ ఇదియే.

మామ: ఒప్పుకొనుచున్నాను. అందుకు నా యొద్ద సగము సమాధానమున్నది. ఖాళీ విండోస్ మాత్రము ఎక్కిననాటి ఇమేజి, అప్‌డేటులెక్కిన పిమ్మట నొకటి, సాఫ్టువేరంతయు పెట్టిన పిమ్మట నొకటి, మొత్తము మూడు మెట్లను ఒకే విమ్‌లో ఉంచితిని. మూడవదానిలో దోషము బయటపడినచో రెండవదానికి దిగి, అక్కడినుండి మరల ఎక్కవచ్చును. పోల్చి చూచుటకు గూడ అదే ఆధారము.

అల్లుడు: అది మంచి పని. తక్కిన సగమునకు వత్తును. ఇమేజి నేడు మంచిదే యనుకొందము. కాలము దానిని చెడగొట్టును. 2017 మే 12న వన్నాక్రై యను డబ్బు గుంజు వైరసు ప్రపంచమంతట ప్రాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసువారి కంప్యూటర్లు గూడ చిక్కుకొనినవి గదా. అది ప్రవేశించిన కంతకు మైక్రోసాఫ్టువారు ఆ యేడు మార్చి 14వ తేదీననే అతుకు వేసియుండిరి. ఫిబ్రవరిలో తీసిన ఇమేజితో ఒక యంత్రమును మే నెలలో నిర్మలముగా లేపి, నెట్టుకు తగిలించినామనుకొనుడు. అతుకు దిగులోపుననే అది మరల పట్టుబడును. మీరు శుద్ధస్థితి యనునది శత్రువునకు తెఱచిన తలుపు.

మామ: ఆ భయముననే నెట్టు త్రాడు చివరకు గాని తగిలింపను. మఱియొక ఉపాయమును గలదు. ఇమేజిని యంత్రముపై విప్పనక్కఱలేకుండనే డిస్మ్‌తో ఒక ఫోల్డరుపై మౌంటు చేసి, దింపియుంచిన అప్‌డేటు ఫైలును దానిలోనికి చొప్పించి, మార్పును భద్రపఱచి మూయవచ్చును. అప్పుడు ఇమేజినుండి యంత్రము లేచునది ఫిబ్రవరి వయస్సుతో గాదు, నేను కడపట అతుకు వేసిన నాటి వయస్సుతో. మూడు నెలల కొకమాఱు అట్లు చేయుచున్నాను.

అల్లుడు: ఇంతవఱకు చేసితిరి. ఇకపై? విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. నమోదు చేసికొన్న గృహస్థులకు మఱియొక యేడు, అనగా 2026 అక్టోబరు 13వఱకు భద్రతా అతుకులు పొడిగించిరి. ఆ పిదప చొప్పించుటకు అతుకే యుండదు. మీ యంత్రము విండోస్ 11 కోరు టీపీఎం 2.0 భద్రతా చిప్పును, ప్రాసెసరును గలది గాదు.

మామ: ఆ పిదప దానికి నెట్టు త్రాడే యుండదు. పత్రికలోని విషయములు వాట్సాపులో ఫోనుకు వచ్చును, పెన్‌డ్రైవుతో తెచ్చుకొందును.

అల్లుడు: పెన్‌డ్రైవుతోనా! ఊరిలోని జిరాక్సు దుకాణములన్నింటిలో తిరిగివచ్చిన పెన్‌డ్రైవుకంటె నెట్టే మేలు. ఫోల్డర్లన్నియు షార్ట్‌కట్లుగా మాఱిపోయి గిరాకీలు మొత్తుకొనుట మీరు చూడలేదా?

మామ: గిరాకీల పెన్‌డ్రైవు నా యంత్రమునకు తగులదు, ఆ పనికి అత్త లాప్‌టాపు ఉన్నది. నాకు సొంతముగా నొక పెన్‌డ్రైవు గలదు, అది ఆ రెండింటి నడుమ మాత్రమే తిరుగును.

అల్లుడు: అత్త లాప్‌టాపు అన్నారు గనుక అడుగుచున్నాను. అది విండోస్ 11తో క్రొత్తగా కొన్నది. ఇటువంటివానిలో చాలవానికి డిస్కు గూఢలిపీకరణము మొదటినుండియే ఆరంభమైయుండును. బయటి పెన్‌డ్రైవునుండి లేపి దాని ఇమేజి తీయబోయినను, చెడినప్పుడు డిస్కు తెఱవబోయినను బిట్‌లాకరు 48 అంకెల రికవరీ కీ అడుగును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతాసంస్థ వారి దోషపు అప్‌డేటువలన ఎనభై అయిదు లక్షల విండోస్ యంత్రములు నీలితెరతో నిలిచి, హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులు చేత్తో వ్రాసియిచ్చినప్పుడు, మందు చాల చిన్నది: యంత్రమును సేఫ్‌మోడులో లేపి ఒక్క ఫైలు తుడిచినచో చాలును. కాని ప్రతి యంత్రమునొద్దకు మనిషి పోవలసివచ్చెను. గూఢలిపీకరణ మున్నవానికి ఆ కీ వెదకిపట్టవలసివచ్చెను. ఇమేజి లెన్ని యున్నను కీ లేనివాడు తలుపు బయటనే నిలుచును. ఆ కీ మీరు వ్రాసి యుంచితిరా?

మామ: లేదు. అది యెక్కడ దొరకును?

అల్లుడు: అత్త మైక్రోసాఫ్టు ఖాతాలో నుండును. సాయంకాలము వ్రాసియిచ్చెదను, ఆ కాగితము లాప్‌టాపు సంచిలో మాత్రము పెట్టవలదు. ఇంకొకటి. దుకాణపు యంత్రపు మదర్‌బోర్డే పోయినచో? మీ ఇమేజి ఆ బోర్డునకు అలవాటుపడినది. యంత్రముతో వచ్చిన విండోస్ లైసెన్సు గూడ బోర్డునకే ముడివడియుండును.

మామ: దానికొఱకు సిస్‌ప్రెప్ నడిపి, యంత్రమునకు ప్రత్యేకమైన గుర్తులను తుడిపించి తీసిన ఇమేజి యొకటి వేఱుగా నున్నది. దానిని వేఱు యంత్రముపై ఎన్నడును విప్పి చూడలేదు. కావున అది యున్నదని మాత్రమే చెప్పగలను, పనిచేయునని చెప్పలేను. లైసెన్సు మాట నిజమే, క్రొత్త బోర్డునకు క్రొత్త లైసెన్సు కొనవలసియుండును. బయటి డిస్కు మాత్రము ఒకటి గాదు. ఒకటి దుకాణమున, ఒకటి ఇంట. ఇమేజిని అదే డిస్కులో దాచుకొన్నవాని గతి నేనెఱుగుదును. డిస్కు పోయిననాడు రెండును పోవును, డబ్బు గుంజు వైరసు వచ్చిననాడు మొదట వెదకి తుడుచునది యా రికవరీ ప్రతులనే.

అల్లుడు: మామా, మీరు యంత్రమును జాగ్రత్తగా కాపాడుచున్నారు. నా బాధ యంత్రమును గుఱించినది గాదు. మీ డీ భాగములో ఇరువదియేండ్ల పత్రికలు, బడి వార్షికోత్సవపు సంచికలు, భజనమండలి పుస్తకములు ఉన్నవి. అవి తెలుగులో నున్నవని మీరనుకొనుచున్నారు. అను ఫాంటులో కూర్చిన ఫైలు లోపల నున్నది తెలుగు గాదు. ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకు తెలుగు బొమ్మలు తొడిగినారు. ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో అర్థము లేని గుర్తుల గుంపు కనబడును. శ్రీలిపి మరాఠీయు నంతే. యూనికోడులో తెలుగునకు 0C00నుండి 0C7F వఱకు, దేవనాగరికి 0900నుండి 097F వఱకు స్థిరమైన చోటు ఏర్పడి ముప్పదియేండ్లు దాటినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి యను తెలుగు ఫాంటు ఉండెను. పోతన 2000 ఉచితముగానే దొరకుచుండెను. మీ పని యూనికోడులో నుండినచో, నేను చెప్పిన ఖాళీ విండోస్ మీకు తొలి గంటనుండియే చాలియుండును. మీ ఇమేజి కాపాడుచున్నది కంప్యూటరును గాదు, అక్షరముల చెఱను.

మామ: అచ్చుపనిలో నుండువానికి యూనికోడు ఆలస్యముగా వచ్చినది, నాయనా. పేజ్‌మేకరు తెలుగు యూనికోడును సరిగా కూర్చదు. దానిని కూర్చగల సాఫ్టువేరు చేతికి వచ్చునప్పటికి నా యొద్ద వేల పుటలు చేరినవి. నీవు చెఱ యన్నది నిజమే కావచ్చును. కాని చెఱలో నున్నవారిని విడిపింపకమునుపే తాళపుచెవిని పాఱవేయుమనుట ఏ న్యాయము?

అల్లుడు: పాఱవేయుమనలేదు. అను నుండి యూనికోడునకు మార్చు సాఫ్టువేర్లు ఉన్నవి. ఫైళ్లను నాకిండు, హైదరాబాదులో మార్పించి తెచ్చెదను.

మామ: మార్చినవానిలో ఒత్తులు తాఱుమాఱగును, సున్నలు ఎగిరిపోవును. మొన్న ఒక భజనకీర్తనను ప్రయోగమునకు మార్చి చూచితిని. ఒక్క పుటలో దిద్దవలసినవి ఇన్ని యని చెప్పజాలను. దిద్దుటకు మూలపుట ప్రక్కన తెఱచియుండవలెను. మూలపుటను తెఱవగలది యీ యంత్రమొక్కటే, దానిని నిలుపగలది యీ ఇమేజి యొక్కటే. కావున నీ యూనికోడునకు గూడ ముందుగా నా ఇమేజియే కావలెను.

అల్లుడు: దిద్దుబాటు ముగియువఱకు ఒప్పుకొనుచున్నాను. అటుపిమ్మట ఒప్పుకొనను. అదియు నొక షరతుమీద: నిన్న మీరు ఇమేజిని విప్పినది పనిచేయు డిస్కుపైననే, అది విఫలమైయుండినచో ఏమి చేసియుందురు? ఇకపై ఇమేజిని క్రొత్తగా తీసినప్పుడెల్ల, ఖాళీగా నున్న మఱియొక ఎస్‌ఎస్‌డీపై విప్పి, యంత్రమును దానినుండి లేపి, రెండు లిపుల పరీక్షపుట ముద్రించి చూచిన పిమ్మటనే దానిపై తేదీ వ్రాయవలెను. అట్లు విప్పి చూడని ఇమేజిని నేను ఇమేజిగా లెక్కింపను. ఆ సిస్‌ప్రెప్ ఇమేజికిని ఇదే నియమము. దానిని నా పాత కంప్యూటరుపై విప్పి చూడవచ్చును.

మామ: ఆ షరతు న్యాయమే. ఎస్‌ఎస్‌డీ నీవు తెత్తువా, నేను కొనవలెనా?

అల్లుడు: నా లాప్‌టాపునుండి తీసినది 240 గిగాబైట్లది సంచిలోనే యున్నది. విమ్ ఎంత?

మామ: మూడు మెట్లును కలిపి ఇరువది లోపు. మధ్యాహ్నము దుకాణము మూసిన తర్వాత మొదలిడుదము. నెట్టు త్రాడు నేను ఊడదీసెదను. నీవు ముందు షా256 లెక్కించి పుస్తకములోని దానితో సరిచూడుము.